ఎండిన చెట్టును చైన్‌సాతో కోస్తున్నారా? ముందు పైకి చూడండి

తోట మధ్యలో ఎండిన మామిడి, గట్టు మీద మోడుగా నిలిచిన వేప, తల రాలిపోయిన కొబ్బరి. ఇలాంటి చెట్టు ఒకటో రెండో చాలామంది రైతుల పొలాల్లో ఉంటాయి. నీరందక, వేరుకుళ్ళు సోకి, చెదలు పట్టి, పిడుగు పడి, తుపాను గాలికి వేర్లు కదిలి చెట్లు చనిపోతుంటాయి. ఒకప్పుడు వీటిని గొడ్డలితోనో, ఇద్దరు పట్టి లాగే రంపంతోనో కొట్టేవారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో చైన్‌సా అద్దెకు దొరుకుతోంది. కొందరు రైతులు సొంతంగా కొనుక్కుంటున్నారు. ఒక పూట పట్టే పని అరగంటలో అయిపోతోంది.

అయితే "ఎండిన చెట్టే కదా, తేలిగ్గా పడిపోతుంది" అనుకోవడం సరికాదు. పచ్చి చెట్టు కంటే ఎండిన చెట్టును కోయడమే ఎక్కువ ప్రమాదం. కారణం తెలిస్తే జాగ్రత్తలు ఎందుకు చెబుతున్నామో అర్థమవుతుంది.

ఎండిన చెట్టుతో ప్రమాదం ఎందుకు ఎక్కువ?

చెట్టును కోసేటప్పుడు మొదలును పూర్తిగా తెంపకూడదు. మధ్యలో కొంత చెక్కను వదలాలి. తలుపుకు బందు ఎలాగో, పడే చెట్టుకు ఆ చెక్క అలాగ. దాన్ని ఈ వ్యాసంలో బందు చెక్క అందాం. పచ్చి చెట్టులో బందు చెక్క నారలాగా వంగుతుంది, చెట్టును మనం అనుకున్న వైపే నెమ్మదిగా దించుతుంది. ఎండిన చెక్క వంగదు. మధ్యలోనే పుటుక్కున విరుగుతుంది. అప్పుడు చెట్టు ఎటు తిరుగుతుందో చెప్పలేం.

రెండోది పైనున్న ఎండుకొమ్మలు. మిషన్ అదురుకు, చీల కొట్టిన దెబ్బకు అవి ఊడి నేరుగా కోసే మనిషి మీద పడతాయి. ఒక్కోసారి చెట్టు ఒరిగే ఊపుకు తల భాగమే విరిగి వెనక్కి పడుతుంది.

మూడోది కనిపించని పుచ్చు. బయట బెరడు బాగానే ఉంటుంది. లోపల చెదలు తిని గుల్ల చేసి ఉంటాయి, లేదా వేర్లు కుళ్ళి ఉంటాయి. సగం కోత కాకముందే చెట్టు కూలిపోవచ్చు. పచ్చి చెట్టు పడేముందు కిరకిరమని చప్పుడు చేసి కొంత వ్యవధి ఇస్తుంది. ఎండిన చెట్టు చాలాసార్లు ఆ వ్యవధి ఇవ్వదు.

అందుకే ఈ పని మొత్తానికి ఒకటే సూత్రం: చెట్టు పడే క్షణంలో దాని మొదలు దగ్గర మనిషి ఉండకూడదు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ దాని కోసమే.

చెట్టు నిజంగా చనిపోయిందా?

ఆకు రాలినంత మాత్రాన చెట్టు చచ్చిపోయినట్టు కాదు. 2021లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వేప చెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండి, చెట్టంతా మాడిపోయినట్టు కనిపించింది. ఫోమాప్సిస్ అనే శిలీంద్రం కలిగించే ఎండు తెగులు దీనికి ముఖ్య కారణం. అలా మాడిన వేపల్లో చాలావరకు తరువాత మళ్ళీ చిగురించాయి.

కాబట్టి తొందరపడవద్దు. చేతికందే ఎత్తులో నాలుగైదు చోట్ల బెరడును కత్తి మొనతో కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. అన్ని చోట్లా గోధుమ రంగులో పొడిగా ఉండి, ఒక చిగురు కాలం గడిచినా ఒక్క ఆకూ రాకపోతే చనిపోయినట్టే.

కొట్టాల్సిన అవసరం ఉందా?

ఇల్లు, పశువుల కొట్టం, దారి, మోటారు షెడ్డు, కరెంటు తీగలు చెట్టు పడితే తగిలేంత దూరంలో ఉంటే తప్పక తీసేయాలి. పొలం మూలన, ఎవరూ వెళ్ళని చోట ఉన్న మోడును అలాగే వదిలేసినా నష్టం లేదు. అలాంటి తొర్రల్లో గుడ్లగూబలు, పాలపిట్టలు ఉంటాయి. గుడ్లగూబలు పొలంలో ఎలుకలను తింటాయి. అయితే ఆ చెట్టు కింద పశువులను కట్టవద్దు, కూలీలను కూర్చోనివ్వవద్దు.

కొట్టే ముందు అనుమతి సంగతి చూసుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం ఉంది. సొంత పొలంలోని చెట్టుకు కూడా దీని ప్రకారం అనుమతి అవసరం కావచ్చు. కొన్ని రకాలకు మినహాయింపు ఉంటుంది. మీ చెట్టు సంగతి అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. తాటి, ఈత చెట్లయితే ఎక్సైజ్ శాఖను కూడా అడగాలి. రోడ్డు పక్కన, ప్రభుత్వ స్థలంలో ఉన్న చెట్టు ఎండిపోయినా మనం ముట్టకూడదు.

మీరు కోయకూడని చెట్లు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా సొంతంగా కోయవద్దు.

• చెట్టు పడితే కరెంటు తీగలకు తగిలే అవకాశం ఉంటే. ముందు లైన్‌మన్‌కు చెప్పి ఎల్‌సీ తీసుకుని, సరఫరా ఆపించిన తరువాతే పని జరగాలి. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912.
• మొదలు దగ్గర పుట్టగొడుగులు, గట్టి శిలీంద్రపు చిప్పలు ఉంటే. లోపల కుళ్ళు ఉందనడానికి ఇది గుర్తు.
• గొడ్డలి వెనుక భాగంతో తడితే కోత పెట్టాల్సిన చోట డొల్ల శబ్దం వస్తే.
• మొదలు చుట్టూ మట్టి పగిలినా, ఒకవైపు వేర్లు పైకి లేచినా.
• కాండంలో నిలువు పగులు ఉన్నా, చెట్టు బాగా ఒరిగి ఉన్నా.
• విరిగి వేలాడుతున్న పెద్ద కొమ్మ పైన ఉంటే.
• మొదలు మందం మీ మిషన్ బార్ పొడవు కంటే ఎక్కువగా ఉంటే.
• తేనెపట్టు, కందిరీగల గూడు ఉంటే. ముందు వాటిని తెలిసినవారితో తీయించాలి.

ఇలాంటి చెట్టును అనుభవం ఉన్న కోతగాడికి అప్పగించండి. లేదా పైకప్పు గట్టిగా ఉన్న పొడవు చేయి ప్రొక్లెయిన్‌తో తీయించండి. యంత్రం వచ్చినా మనుషులు పాటించాల్సిన దూరం మాత్రం మారదు.

మిషన్, బట్టలు

చైన్‌సా గొలుసు పూర్తి వేగంలో సెకనుకు సుమారు 20 మీటర్లు తిరుగుతుంది. తగిలాక చేయి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు.

లుంగీ, పంచె, మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చెప్పులతో ఈ పని చేయకూడదు. తలకు హెల్మెట్, కళ్ళకు జాలీ లేదా అద్దాలు, చెవులకు మఫ్‌లు, చేతులకు గ్లౌజులు, కాళ్ళకు గట్టి బూట్లు కావాలి. చైన్‌సా కోసం ప్రత్యేకంగా వచ్చే ప్యాంటు లేదా చాప్స్‌లో ఉండే నార గొలుసుకు చుట్టుకుని దాన్ని ఆపేస్తుంది. మిషన్ కొనేటప్పుడే వీటినీ కొనండి. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక సెట్టు తీసుకుని పంచుకోవచ్చు.

మిషన్ విషయంలో గుర్తుంచుకోవలసినవి:

• చైన్ బ్రేక్ పనిచేస్తోందో లేదో ప్రతిసారీ చూడాలి. పనిచేయని మిషన్‌ను వాడకూడదు.
• గొలుసు పదునుగా ఉండాలి. గట్టి చెక్కను కోస్తే చిన్న పెచ్చులు రావాలి. సన్నని పొడి వస్తుంటే గొలుసు మొండిబారినట్టు. ఎండిన చెట్టు మీద చెదలు కట్టిన మట్టి గొలుసును త్వరగా మొండి చేస్తుంది. కోత పెట్టే చోట మట్టిని ముందే గీకేయండి.
• గట్టు మీది చెట్లలో కంచె తీగలు, మేకులు దిగి ఉంటాయి. వెతికి తీయండి, లేదా వాటికి దూరంగా కోత పెట్టండి.
• పెట్రోలు, 2 స్ట్రోక్ ఆయిల్ కలిపే పాళ్ళు మిషన్ పుస్తకం చూసి వేయండి. 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ. ఆయిల్.
• ఇంజన్ ఆపి, చల్లారాకే పెట్రోలు పోయాలి. పోసిన చోటికి కనీసం 3 మీటర్ల దూరంలో స్టార్ట్ చేయాలి. ఎండుగడ్డి మీద వేడి సైలెన్సర్ పెట్టవద్దు. దగ్గర ఒక బిందె నీళ్ళు ఉంచండి.
• నేల మీద పెట్టి, చైన్ బ్రేక్ వేసి, వెనుక పిడిలో కుడికాలు ఉంచి స్టార్ట్ చేయాలి. గాలిలో వేలాడదీసి తాడు లాగకూడదు.
• రెండు చేతులతోనే పట్టుకోవాలి. ఎడమచేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ తిరిగి ఉండాలి.
• బార్ కొస పైభాగాన్ని చెక్కకు తగలనివ్వకూడదు. తగిలితే మిషన్ ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది. భుజం ఎత్తుకు పైన, నిచ్చెన మీద, చెట్టెక్కి కోయకూడదు.

స్థలం సిద్ధం చేసుకోవడం

ముందు చెట్టు ఎత్తు తెలుసుకోవాలి. కంటి నుంచి చాచిన చేతి పిడికిలి వరకు ఎంత దూరమో అంత పొడవు పుల్ల తీసుకోండి. చేయి చాచి పుల్లను నిలువుగా పట్టుకుని వెనక్కి నడవండి. పుల్ల కింది కొస చెట్టు మొదలుకు, పై కొస చెట్టు చివరకు సరిపోయిన చోట ఆగండి. మీరు నిలబడిన చోటు నుంచి చెట్టుకు ఎంత దూరమో, చెట్టు ఎత్తు సుమారు అంతే.

ఆ ఎత్తుకు రెండు రెట్ల దూరం వరకు చుట్టూ ఎవరూ ఉండకూడదు. 40 అడుగుల చెట్టయితే 80 అడుగులు. పిల్లలు, పశువులు, కట్టెలు ఏరుకోవడానికి వచ్చినవాళ్ళు అందరికీ ఇదే లెక్క. దారి పక్కనైతే రెండు వైపులా ఒక్కో మనిషిని కాపలా పెట్టండి.

తప్పుకునే దారిని కోత మొదలుపెట్టక ముందే శుభ్రం చేసుకోవాలి. చెట్టు పడే వైపుకు వ్యతిరేక దిశలో, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి ఏటవాలుగా రెండు దారులు ఉండాలి. చెట్టుకు సరిగ్గా వెనుక ఎప్పుడూ నిలబడకూడదు. మొదలు వెనక్కి తన్నితే అటే వస్తుంది. రాళ్ళు, కంపలు, డ్రిప్ పైపులు అడ్డం లేకుండా తీసి ఒకసారి నడిచి చూసుకోండి.

గాలి లేని ఉదయం వేళ ఈ పనికి మంచిది. వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలులు హఠాత్తుగా వస్తాయి. పెద్ద వాన తరువాత నేల మెత్తబడి వేర్ల పట్టు తగ్గుతుంది, రెండు మూడు రోజులు ఆగండి. పొద్దు వాలాక కోయవద్దు. ఒంటరిగా అసలే వద్దు.

తాడు కట్టి లాగే పద్ధతి

ఎండిన చెట్టుకు చీలల మీదే ఆధారపడకుండా, కోత పెట్టక ముందే తాడు కట్టడం మేలు. చీల మీద గట్టిగా కొట్టే ప్రతి దెబ్బా పైనున్న కొమ్మలను అదరగొడుతుంది. తాడు కట్టడానికి చెట్టెక్కవద్దు, నిచ్చెన వేయవద్దు. సన్నని పురికొసకు చిన్న బరువు కట్టి గట్టి కొమ్మ పంగలోంచి విసిరి, దానితో పెద్ద తాడును లాగండి. కిందికి లాగేటప్పుడు ఏమైనా విరిగి పడవచ్చు, దూరంగా నిలబడి లాగాలి. తాడు పుచ్చు లేని గట్టి భాగానికే బిగియాలి.

తాడు పొడవుగా ఉండి, లాగేవారు చెట్టు ఎత్తుకు రెండు రెట్ల దూరంలో ఉండాలి. ట్రాక్టరుతో లాగితే తాడును వెనుక కింది హుక్‌కే కట్టాలి. పైభాగానికి కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. కుదుపుతో లాగకూడదు. తాడు తెగితే కొరడాలా కొడుతుంది కాబట్టి దాని వెంబడి ఎవరూ ఉండకూడదు.

కోత వరుస

మొదలు మందం 40 సెం.మీ. ఉన్న ఎండిన మామిడి చెట్టును ఉదాహరణగా తీసుకుందాం. మొదలు గట్టిగా ఉందని, చెట్టు నిటారుగా ఉందని తేలిన తరువాత:

1. తాడును కొద్దిగా బిగువుగా ఉంచండి. ఇంకా లాగవద్దు.

2. చెట్టు పడాల్సిన వైపు ముందు గాటు పెట్టాలి. పై నుంచి ఏటవాలుగా ఒక కోత, కింద అడ్డంగా ఒక కోత. రెండూ ఒకే గీత మీద కలవాలి. గాటు లోతు మందంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు, అంటే 8 నుంచి 10 సెం.మీ. గాటు వెడల్పుగా నోరు తెరిచినట్టు ఉండాలి. ఇరుకుగా ఉంటే అది మూసుకోగానే బందు చెక్క విరుగుతుంది.

3. గాటు నుంచి వచ్చిన పెచ్చులను చూడండి. గట్టిగా, లేత రంగులో ఉంటే చెక్క బాగున్నట్టు. నల్లగా, పొడిగా, మట్టి కలిసి వస్తే లోపల పుచ్చు ఉంది. ఆపేయండి. తాడుతో అలాగే కట్టి ఉంచి, అటు ఎవరూ వెళ్ళకుండా చూసి, అనుభవం ఉన్నవారిని పిలవండి.

4. వెనుక కోత గాటు అడుగు కంటే 3 నుంచి 5 సెం.మీ. ఎత్తున, అడ్డంగా పెట్టాలి. బార్ చెక్కలోకి పూర్తిగా దిగి, వెనుక చోటు రాగానే ప్లాస్టిక్ చీల ఒకటి చేత్తో దూర్చండి. చెట్టు వెనక్కి కూర్చోకుండా, బార్ ఇరుక్కోకుండా అది ఆపుతుంది.

5. బందు చెక్కను వదలండి. పచ్చి చెట్టుకు మందంలో పదో వంతు, అంటే 4 సెం.మీ. సరిపోతుంది. ఎండిన చెట్టుకు కొంచెం ఎక్కువ, 5 సెం.మీ. వరకు ఉంచండి. అంటే గాటు 9 సెం.మీ. ఉంటే వెనుక కోత 26 సెం.మీ. దగ్గర ఆగాలి. రెండు పక్కలా మందం సమానంగా ఉండాలి. బందు చెక్కను ఎప్పుడూ పూర్తిగా తెంపవద్దు.

6. ఇంజన్ ఆపి, ముందుగా శుభ్రం చేసిన ఏటవాలు దారిలో దూరంగా వెళ్ళిపోండి. సురక్షిత దూరం చేరాక చేయి ఊపి సైగ చేయండి. అప్పుడే తాడు లాగాలి.

కోస్తున్నంతసేపూ మాటిమాటికీ పైకి చూడండి. ఇంకో మనిషి రెండు రెట్ల దూరంలో నిలబడి చెట్టు తలను మాత్రమే చూస్తూ ఉండాలి. మిషన్ చప్పుడులో కేక వినిపించదు. ముందుగా అనుకున్న ఈలకో, చేతి సైగకో వెంటనే తప్పుకోవాలి. కోత మధ్యలోనే చెట్టు కదిలితే ఇరుక్కున్న మిషన్ కోసం ఆగవద్దు. అక్కడే వదిలి వెళ్ళిపోండి.

చెట్టు మధ్యలో చిక్కుకుంటే

పక్క చెట్టు కొమ్మల్లో చిక్కుకుంటే దాని కిందికి వెళ్ళవద్దు. ఆనుకున్న చెట్టును కోయవద్దు. పైకెక్కి కొమ్మలు నరకవద్దు. అక్కడికి ఎవరూ రాకుండా కట్టడి చేసి, దూరం నుంచి ట్రాక్టరుతో మొదలును వెనక్కి లాగించండి.

పడిన తరువాత కూడా తొందర వద్దు. పక్క చెట్లలో వేలాడే విరిగిన కొమ్మలు లేవని చూసుకోండి. తొర్రల్లో పాములు ఉండవచ్చు, కర్రతో తట్టి చూడండి. కొమ్మలు కోసేటప్పుడు మీకూ, మిషన్‌కూ మధ్య కాండం ఉండేలా నిలబడండి. వాలు నేలలో ఎప్పుడూ ఎగువన ఉండాలి. వంగి బిగిసిన కొమ్మను ముందు లోపలి వంపు వైపు కొద్దిగా కోసి, తరువాత బయటి వైపు కోయాలి. ఒక్కసారిగా బయటి వైపు కోస్తే చీలి కొడుతుంది.

కొబ్బరి రైతులకు

చనిపోయిన కొబ్బరి చెట్టును ఎక్కకండి, ఎక్కించకండి. కొబ్బరి కాండంలో బయటి పొర గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉంటుంది. చనిపోయాక ముందు కుళ్ళేది లోపలి భాగమే. బందు చెక్క సరిగ్గా నిలవదు కాబట్టి తాడు తప్పనిసరి. గానోడెర్మా తెగులు వల్ల చనిపోయిన చెట్టులో మొదలు, వేర్లు రెండూ కుళ్ళి ఉంటాయి. అలాంటి దాన్ని ప్రొక్లెయిన్‌తోనే తీయించి, మొదలు, వేర్లు తవ్వి కాల్చేయాలి.

దుంగలను తోటలో కుళ్ళనివ్వకండి. కుళ్ళిన కొబ్బరి దుంగల్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి పెరుగుతుంది, బతికి ఉన్న చెట్ల మొవ్వును తింటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి తోటలను కూల్చినట్టు పెద్ద సంఖ్యలో చెట్లు పడినప్పుడు దుంగల తొలగింపు మరింత ముఖ్యం. చీల్చి ఎండబెట్టి వంటచెరుకుగా వాడుకోండి, లేదా తోట నుంచి తరలించండి.

కోతగాడిని పెట్టుకుంటే

కలపకే కొట్టేసుకుంటానని వచ్చే వ్యాపారి మనుషులైనా, రోజు కూలికి వచ్చేవారైనా, ప్రమాదం మీ పొలంలోనే జరుగుతుంది. హెల్మెట్, బూట్లు ఉన్నాయా, ఇద్దరు వచ్చారా, చైన్ బ్రేక్ పనిచేస్తోందా అని అడగండి. చెట్టులో మీకు తెలిసిన పుచ్చు, తొర్ర, తీగలు ఉంటే ముందే చూపించండి. "తొందరగా కానివ్వు" అనకండి. మందు తాగి వచ్చినవాడిని ఆ రోజుకు పంపేయండి.

ప్రమాదం జరిగితే

మిషన్ ఆపి, పైనుంచి ఇంకేమీ పడే అవకాశం లేదని చూసుకున్నాకే దగ్గరికి వెళ్ళండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడవద్దు. పసుపు, కాఫీపొడి వంటివి పెట్టవద్దు. 108కి ఫోన్ చేసి ఊరు, దారి, గుర్తు స్పష్టంగా చెప్పండి. చెట్టు మీద పడినవారికి మెడ, వెన్ను దెబ్బ తగిలి ఉండవచ్చు, అనవసరంగా లేపి కూర్చోబెట్టవద్దు. పొలంలో సిగ్నల్ ఎక్కడ అందుతుందో పని మొదలుపెట్టక ముందే చూసుకోండి.

మిషన్ స్టార్ట్ చేసే ముందు అడగవలసిన ఏడు ప్రశ్నలు

1. చెట్టు నిజంగా చనిపోయిందా, అనుమతి ఉందా?
2. మొదలు గట్టిగా ఉందా, తట్టి చూశామా?
3. పైన వేలాడే కొమ్మలు, దగ్గర్లో కరెంటు తీగలు లేవా?
4. రెండు రెట్ల దూరం ఖాళీగా ఉందా?
5. తప్పుకునే రెండు దారులు నడిచి చూశామా?
6. తాడు కట్టామా, పైకి చూసే మనిషి ఉన్నాడా?
7. ఒంటి మీద హెల్మెట్, బూట్లు ఉన్నాయా?

ఏడింటిలో ఒక్కదానికి "లేదు" అని జవాబు వచ్చినా ఆ రోజు కోయవద్దు. ఆ చుట్టుపక్కలకు ఎవరూ వెళ్ళకుండా కంప అడ్డం వేసి, లోటు సరిచేసుకున్నాకే పని మొదలుపెట్టండి.